పేరుకో వాటా

వెంకటనారాయణకు కారు కావలసింది తిరగడానికి కాదు, నిలబెట్టడానికి. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఆఫీసు భవనం ముందు, సరిగ్గా మేనేజరు కారు పక్కన, జపాను వాళ్ళతో పొత్తున్న కంపెనీ కారును నిలబెట్టాలన్నది ఆయన జీవితాశయం.

డబ్బు మాత్రం భార్య భ్రమరాంబ చేతి కష్టం. నంద్యాల మనిషి. మదీనాగూడ ఇంట్లో చెనిక్కాయల, అంటే వేరుశనగల, పొడి కొట్టి, డబ్బాలకెత్తి, ఆఫీసుల్లోని బ్రహ్మచారులకు అమ్మేది. డబ్బా మీద 'వెంకటనారాయణ వారి పొడి' అని ఉండేది. పేరు తనది గనక లాభంలో మూడో వంతు తనదేనని ఆయన మొదటి రోజే తేల్చేశాడు. వంటింట్లో మిక్సీ ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు.

"మనోళ్ళు చేసిన కారు ఉండాది కదా. దానికీ నాలుగు చక్రాలే. ఇదేంటికి అంత ఎక్కువ?" అంది భ్రమరాంబ.

ఈ ప్రశ్న కోసమే ఆయన పేపర్లన్నీ నమిలి మింగి ఉన్నాడు. "చూడు భ్రమరా, మనవాళ్ళ కారుకు సామాను ఇక్కడే దొరుకుతుంది. నట్టు పోతే జీడిమెట్లలో చేయించుకోవచ్చు. పొత్తు కారుకు కొన్ని సామాన్లు ఓడలో రావాలి, సుంకం కట్టాలి. పైగా అమ్మిన ప్రతి కారు మీదా జపాను వాళ్ళకు రాయల్టీ."

"ఆ జపానాయప్ప ఈడికొచ్చి కారు బిగిస్తాడా?"

"ఎందుకు బిగిస్తాడు? నమూనా ఇచ్చాడు, పేరిచ్చాడు."

"నమూనాకైతే సరే. వట్టి పేరుకూ వాటానా?"

"పేరుకే అసలు వాటా."

"అయితే పేరు తీసేస్తే ధర దిగుతాదన్నమాట."

"నూటికి నూరుపాళ్ళు," అన్నాడాయన, ఆవిడకు ఇన్నాళ్ళకు లోకజ్ఞానం వచ్చిందని మురిసిపోతూ.

తర్వాతి వారం ఆఫీసు క్యాంటీనులో తన కింద పనిచేసే కుర్రాడు యశ్వంత్ ఒక డబ్బా చూపించాడు. "సార్, భ్రమరాంబ పొడి అంట. మీ పొడికంటే చీప్. టేస్ట్ మాత్రం సేమ్ అండి."

వెంకటనారాయణ ఇంటికి ఉరికాడు. "ఇదేం అన్యాయం?"

"మీరు చెప్పిందే కదా. పేరు తీసేసినాను, ధర దిగింది. గిరాకీ చూడండి ఎట్లుండాదో."

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. తన పొడి తానే చేసుకుంటానని మూకుడు నిండా చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు పోసి, తలుపులన్నీ బిగించి వేయించాడు. ఘాటుకు మూడంతస్తులూ దగ్గాయి. పై ఇంటి యాదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని దిగివచ్చింది. "ఏంది సారూ, మమ్ముల బతకనియ్యవా? జర కిటికీ అన్న తెరువు." చెనిక్కాయలు బొగ్గయ్యాయి. వ్యాపారం ఆ పూటతోనే ముగిసింది.

భ్రమరాంబ తన డబ్బుతో మనవాళ్ళ కారే కొన్నది. "పేరుకైతే పైసా ఇయ్యను. డబ్బాలు మోస్తే కూలి ఇస్తా," అంది. గత్యంతరం లేక ఆయన ఒప్పుకున్నాడు.

మొదటి రోజు టై కట్టుకొని కారును దర్జాగా భవనం ముందుకు తిప్పాడు. కాపలా రాములు వెనక సీటు నిండా ఉన్న డబ్బాలు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, సామాన్ల బండ్లు ఎనక గేటుకెల్లి పోవాలె."

అంతలో మేనేజరే తన కారు దిగి నేరుగా ఇటు నడిచి వచ్చాడు. వెంకటనారాయణ గబగబా అద్దం దించాడు. మేనేజరు కిటికీలోంచి తొంగి చూసి, "రెండు డబ్బాలు ఇవ్వండి. మీ పేరుది కాదు, మేడంగారిది," అన్నాడు.

వెంకటనారాయణ టై సర్దుకొని, వెనక్కి వంగి, రెండు డబ్బాలు తీసిచ్చాడు.