ఆఖరాయన పటం

ఆ ఉదయం ఆఖరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, తన పాత ఫోటో ఒకటి పటాలు కట్టే షాపులో ఇచ్చి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చి పేపరు చదువుకోవాలి.

ఊరంతా ఆయన్ని ఆఖరాయన అనడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఆ ఊరి పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉండేది. మూడు ఎన్నికలు చూసింది, ముగ్గురిని సభకు పంపింది, వాళ్ళలో ఆఖరివాడు ఈయనే. ఆ తర్వాత పునర్విభజనలో దాన్ని రెండు ముక్కలు చేసి అటూ ఇటూ కలిపేశారు. మొదట గెలిచిన పెద్దాయన ఏనాడో పోయాడు. రెండోసారి గెలిచిన అంతకుముందాయన మాత్రం నిక్షేపంగా ఉన్నాడు, అదీ సరిగ్గా ఎదురింట్లో. ఎదుటి వాకిట్లోకి ఎవరైనా ఇద్దరు మనుషులు వెళితే చాలు, ఆఖరాయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఇప్పుడు లైబ్రరీవాళ్ళు నియోజకవర్గ చరిత్రంతా ఒక గోడ మీద పెడుతున్నారు. ముగ్గురి పటాలు, కింద నాలుగేసి వాక్యాలు. ఓడినవాళ్ళకు కూడా ఓ మూల చోటు. ఎవరి పటం వాళ్ళే కట్టించి తెమ్మన్న లైబ్రేరియనమ్మ, సైజు చెప్పడం మరిచిపోయింది.

ఆఖరాయనకు ఆ గోడ ప్రాణంతో సమానం. ఆయన పేరున్న శిలాఫలకాల మీద ఎప్పుడో సున్నం పూసేశారు. వీధిలో పిల్లలు ఆయన్ని మెట్లింటి తాతగారు అంటున్నారు. ఆ గోడకు కూడా ఎక్కకపోతే, తాను అయిదేళ్ళు సభలో కూర్చున్న సంగతి భార్యకు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఆవిడ కూడా ఆ అయిదేళ్ళనీ గుర్తుంచుకున్నది వేరే కారణాలకు.

షాపులో అడుగు పెట్టగానే ఆయన టక్కున ఆగిపోయాడు. గోడకు ఆనించి మనిషెత్తు టేకు ఫ్రేము. దాని మీద సుద్దముక్కతో అంతకుముందాయన ఇంటి నంబరు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు.

"ఒకరి పని ఇంకొకరికి చెప్పను సార్. నా షాపులో అదొక్కటే కట్టుబాటు," అన్నాడు మేస్త్రీ.

ఆ కట్టుబాటే కొంప ముంచింది. నిజానికి ఆ ఫ్రేము అంతకుముందాయన కోడలి బ్యూటీ పార్లరుకు కావలసిన అద్దానిది. మేస్త్రీ ఆ ఒక్క ముక్క చెప్పినా కథ అక్కడే ఆగిపోయేది. సంచిలోని పోస్టుకార్డంత ఫోటోను ఆఖరాయన పైకి కూడా తీయలేదు. తిన్నగా స్టూడియోకు వెళ్ళి దాన్ని నిలువెత్తున పెంచమని, మళ్ళీ షాపుకు వచ్చి ఆ టేకు ఫ్రేముకన్నా నాలుగు వేళ్ళు పెద్దది కట్టమన్నాడు.

రెండు రోజుల తర్వాత అద్దం తీసుకెళ్ళడానికి అంతకుముందాయన వచ్చాడు. అదే గోడకు ఆఖరాయన ఇంటి నంబరుతో ఇంకా పెద్ద ఫ్రేము ఆనించి ఉంది. ఎవరిదని అడిగితే మేస్త్రీ మళ్ళీ కట్టుబాటే చెప్పాడు. తన వెనకాల వచ్చినవాడు తనకన్నా పెద్దగా కనబడడమా అని అంతకుముందాయనకు ఒళ్ళు మండిపోయింది. జేబులో ఉన్న చిన్న ఫోటోను జేబులోనే ఉంచి, ఆ ఫ్రేము కొలతకు మరో నాలుగు వేళ్ళు కలిపి తనకూ ఒకటి కట్టమన్నాడు.

ఆ పైన ఇద్దరూ పూటకొకరు అటుగా షికారు వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళినవాడల్లా నాలుగు వేళ్ళు కలిపి వచ్చేవాడు. మేస్త్రీ ఎవరి రహస్యమూ బయటపెట్టలేదు, కలప మాత్రం తెప్పిస్తూ పోయాడు. స్టూడియోవాడు పెంచి పెంచి చివరికి ఆఖరాయన మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టే స్థితికి తెచ్చాడు.

పటం ఇంటికి వచ్చిన రోజు భార్య దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"బతికుండగా ఇంత పటం ఎందుకండీ? చూసినవాళ్ళు పరామర్శకు వస్తారు."

"ఎదురింటాయన పటం కన్నా పెద్దదే," అన్నాడు గర్వంగా.

ఆవిష్కరణ ఆదివారం. రెండు ట్రాలీలు ఒకేసారి వీధిలోంచి బయలుదేరాయి. లైబ్రరీ ముందు ఆగాక, ముందు ఎవరి పటం లోపలికి వెళ్ళాలన్న తగువు వచ్చింది. సీనియరు నేనని ఒకరు, తాజా మాజీని నేనని ఒకరు. మాటలు తెగక ఇద్దరి మనుషులూ ఒకేసారి తోశారు. రెండు పటాలూ గుమ్మంలో అడ్డంగా బిగుసుకుపోయాయి, ఎదురెదురుగా, ముక్కుకు ముక్కు తగిలేట్టు. ఇక అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ కదలడానికి లేదు.

లోపల అప్పటికే కూర్చున్న జనం విసుక్కుంటున్నారు. గోడకు మూడు మేకులు. ఒకదానికి ఇంటివాళ్ళు తెచ్చిన పెద్దాయన పటం ఎక్కింది, రెండు ఖాళీ. ముందు వరసలో డ్రిల్లు మాస్టారు ఒళ్ళో అరచేయంత పటం పెట్టుకుని కూర్చున్నాడు. మూడు ఎన్నికల్లోనూ నిలబడి, ముగ్గురి చేతిలోనూ ఓడిన మనిషి. ఓడినవాళ్ళ మూల కోసం తెచ్చుకున్న ఆ పటాన్ని లైబ్రేరియనమ్మ తీసుకుని నడి మేకుకు తగిలించింది.

"ముగ్గురూ తలా ఒకసారి వచ్చారు. మొదటినుంచి చివరిదాకా ఉన్నది మాస్టారొక్కరే," అంది.

చప్పట్లు గుమ్మం బయటికి వినిపించాయి. పటాల సందులోంచి ఆ దృశ్యం చూసి ఇద్దరు మాజీల ముఖాల్లో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆఖరాయనకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇదంతా మీవల్లే. ముందు మనిషెత్తు పటం చేయించింది మీరు కాదూ?" అన్నాడు.

"పటమేమిటయ్యా? అది మా కోడలి అద్దం."

లోపల మాస్టారి మెడలో ఎవరో దండ వేశారు. అది కంటబడగానే ఇద్దరూ అద్దం మాట మరిచిపోయారు.

"ఆయన మన చేతిలో ఓడినవాడే కదండీ?" అన్నాడు ఆఖరాయన.

"ఇద్దరి చేతిలోనూ," అన్నాడు అంతకుముందాయన, జేబులోంచి పెన్ను తీస్తూ.

అక్కడే మెట్ల మీద కూర్చుని, ఆ పటం వెంటనే తీసేయించాలని పైవాళ్ళకు ఫిర్యాదు రాసి, కింద ఇద్దరూ సంతకాలు చేశారు. నియోజకవర్గ ప్రయోజనాల కోసం వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి. కాకపోతే అప్పటికి నియోజకవర్గం లేదు.