స్తంభం పక్కన గురక

శనివారం పొద్దున స్వరూపరాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. దీపం పెట్టడం, ఉప్మా తినడం, భర్త బాలమల్లును వెంటబెట్టుకుని పదకొండుకల్లా ఎల్బీనగర్ దవాఖానకు చేరడం. దిల్‌సుఖ్‌నగర్‌లో తమ గల్లీవాళ్ళకు మాత్రం ఈ సంగతి తెలియకూడదు.

బాలమల్లు స్కూలు వ్యాను నడుపుతాడు. పోయిన నెల కొత్తపేట సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద తల వాల్చి కునుకు తీస్తే, వెనక పిల్లలు "అంకుల్, గ్రీన్ పడింది!" అని అరిచి లేపారు. సాయంత్రానికల్లా ఓనరు తాళంచెవి లాక్కున్నాడు. డాక్టరు కాగితం తెస్తేనే మళ్ళీ ఇస్తానన్నాడు. పరీక్ష చేస్తే, నిద్రలో బాలమల్లు గొంతు మూసుకుపోతోందని తేలింది. ఊపిరి ఆగుతుంది, కాసేపటికి పెద్ద గురకతో మళ్ళీ అందుతుంది. రాత్రంతా ఇదే తంతు కాబట్టి పగలంతా తూగు. ఈ ముక్క స్వరూపరాణికి పరీక్ష లేకుండానే తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ ఊపిరి ఆగిన ప్రతిసారీ లేచి కూర్చుని, మళ్ళీ గురక వినబడేదాకా నరసింహస్వామిని తలుచుకునేది ఆమే.

ఆ రోజే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ముక్కులో వంకర ఎముక ఉంటే సరిచేస్తారు. టాన్సిల్స్ పెద్దవైతే తీసేస్తారు. కొందరికి కొండనాలుకా, అంగిలి వెనక కండా కత్తిరించి బిగిస్తారు. కొందరికి దవడను కోసి ముందుకు జరుపుతారు. నాలుకను కదిలించే నరానికి చిన్న యంత్రం అమర్చే పద్ధతీ ఉంది. "కానీ మీకు అంగిలి దగ్గరా, నాలుక వెనకా, రెండుచోట్లా మూసుకుపోతోంది. ఒక్కచోట కోస్తే చాలకపోవచ్చు. ముందు నిద్రలో గాలి పంపే మాస్కు మిషన్ పెట్టుకుని చూడండి. అది పడకపోతే ఆపరేషన్ ఆలోచిద్దాం. శనివారం వచ్చి మీ నిర్ణయం చెప్పండి" అంది.

మాస్కు పేరెత్తితే బాలమల్లుకు మంట.

"మూతికి ఏనుగు తొండమోలె పైపు కట్టుకొని పండుకోవాల్నా? కొండనాలుక కోసి పారేస్తే అయిపాయె!"

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరు. నువ్వు మందు గూడ కాదు, సీదా కత్తే పెట్టిస్తనంటివి" అంది స్వరూపరాణి.

"ఊడితే ఊడనీయే. నాలుక లేకున్నా వ్యాను నడుస్తది."

పంచాయితీ తెగలేదు. చివరికి బాలమల్లు, "పోయే ముందు సామిని పువ్వు అడుగుదాం. కుడి పువ్వు పడితే ఆపరేషన్. ఎడమ పువ్వు పడితే నీ తొండం" అన్నాడు. స్వామి మాట వచ్చాక స్వరూపరాణి కాదనలేకపోయింది. పథకం అక్కడే పక్కదారి పట్టింది.

గల్లీ చివర నరసింహస్వామి గుడిలో పంతులుగారు విగ్రహం భుజాల మీద చెరో పువ్వు పెట్టాడు. బాలమల్లు స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కూర్చున్నాడు. పువ్వులు కదల్లేదు. ఫ్యాను గాలి చల్లగా తగులుతోంది. కడుపులో ఉప్మా బరువుగా ఉంది. జోడించిన చేతులు మెల్లగా ఒళ్ళోకి జారాయి.

మొదట సన్నగా, తర్వాత మిక్సీలో రాళ్ళు వేసినట్టు గురక లేచింది. గుడిలో మాటలు ఆగాయి. గురకా ఆగింది. ఊపిరీ ఆగింది. అలవాటు కొద్దీ స్వరూపరాణి స్వామిని తలుచుకుంది. అంతలో స్తంభం దద్దరిల్లేలా ఒక గర్జన!

ప్రదక్షిణ చేస్తున్న పక్కింటి తిరుపతమ్మ చేతిలోని కొబ్బరికాయ దానంతటదే కిందపడి పగిలింది.

"స్తంభంల నుంచి సామి ఒచ్చిండు! బాలమల్లు ఒంటి మీదికొచ్చిండు!"

"పెద్దమ్మా, అది గురకనే" అంది స్వరూపరాణి.

"ఊకో బిడ్డా. ఇంటోళ్ళకు గట్లనే అనిపిస్తది."

ఎవరో పసుపు తెచ్చారు. ఎవరో మెడలో నిమ్మకాయల దండ వేశారు. తిరుపతమ్మ చెంపలు వేసుకుని, "సామీ, మా కోడలు వేరుపడతనంటున్నది. పోనియ్యాల్నా?" అని అడిగింది. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ గర్జన.

"సూసిన్రా, ఎంత కోపమొచ్చిందో! పోనియ్యద్దంటున్నడు."

దాంతో గుడి కమిటీ ప్రెసిడెంటు సీతారాములు ముందుకు తోసుకొచ్చాడు. గుడి గేటు రోడ్డువైపు పెట్టాలా, గల్లీవైపు పెట్టాలా అని కమిటీలో ఏడాదిగా కొట్లాట. "సామీ, గేటు ఏ దిక్కు?" అన్నాడు. నిద్రలో బాలమల్లు చెయ్యి జారి గల్లీవైపు పడింది.

"గల్లీ దిక్కు! అయిపాయె, లొల్లి తెగింది!"

గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కార్యదర్శి శేఖర్ ఒప్పుకోలేదు. "అదేం న్యాయమండీ? చెయ్యి జారిందంతే. మళ్ళీ అడగండి."

"సామి చెయ్యి జారుతదా? మీ దిక్కు జారుతదేమో!"

ఇద్దరి తోపులాటలో చెంబెడు పసుపు నీళ్ళు బాలమల్లు ముఖాన పడ్డాయి. ఉలిక్కిపడి లేచాడు.

"ఏందిది? నేను జర నిద్రవోయిన, గంతే!"

"దేవుడొచ్చినోళ్ళకు యాదుండదు బిడ్డా" అని తిరుపతమ్మ అతని కాళ్ళకు మొక్కింది. కాదన్నకొద్దీ నమ్మకం పెరిగింది. స్వరూపరాణి విగ్రహం వైపు చూసింది. ఈ హడావుడిలో రెండు పువ్వులూ కిందపడి ఉన్నాయి. ఏది ముందు పడిందో ఎవరూ చూడలేదు.

భార్యాభర్తలు ఆటో ఎక్కారు. వెనకే ఇంకో ఆటోలో సీతారాములు, శేఖర్, తిరుపతమ్మ. శేఖర్‌కు గేటు సంగతి మళ్ళీ అడగాలి. అడగనివ్వకుండా చూడడం సీతారాములు పని. దవాఖానకు వచ్చాక అసలు విషయం తెలిసి సీతారాములు లబలబలాడాడు.

"గొంతు కోపిచ్చుకుంటవా బాలమల్లన్నా? సామి పలికిన గొంతే అది!"

"ఇగ తప్పకుండ కోపిచ్చుకుంట. గురకతోని గీ పరేషాన్ సుత పోతది" అన్నాడు బాలమల్లు. డాక్టరమ్మ ఏం చెప్పినా ఇక ఈ మనిషి వినడని స్వరూపరాణికి అర్థమైంది.

పిలుపు ఆలస్యమైంది. హాల్లో ఏసీ, మెత్తటి కుర్చీ. బాలమల్లు తల వాలింది. మొదటి గర్జనకు నర్సు ఉలిక్కిపడింది. తిరుపతమ్మ అందరికీ విడమరిచి చెప్పడంతో, కట్లు కట్టుకున్నవాళ్ళు కూడా లేచి చేతులు జోడించారు. శేఖర్ గొంతు సవరించుకున్నాడు.

"జర ఆగు తమ్మీ" అని స్వరూపరాణి చెప్పులు విడిచి ముందుకొచ్చింది. మనసులో, "సామీ, తప్పయితే పాపం నాకే సుట్టుకోనీ. కానీ ఈయన ఊపిరి నాకు గావాలె" అనుకుంది. గురక అప్పుడే తెగింది. ఇక కొంతసేపు రాదు. ఎంతసేపు రాదో ఇన్నేళ్ళు కూర్చుని విన్న ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"సామీ, ఆపరేషన్ చేపియ్యాల్నా?" అని గట్టిగా అడిగింది.

నిశ్శబ్దం. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"వద్దంటున్నడు" అని సీతారాములు సంబరపడ్డాడు. స్వరూపరాణి కళ్ళు భర్త ఛాతీ మీదే ఉన్నాయి. అది చిన్నగా ఎగిరింది. ఇక వస్తుంది.

"మరి మాస్కు పెట్టుకోమంటవా?"

కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ గర్జనకు బాలమల్లుకే మెలకువ వచ్చింది. "స్వామి మాస్కు పెట్టుకొమ్మన్నడు!" అని చుట్టూ అందరూ అరుస్తున్నారు.

"ఎవడన్నడు? నేను పండుకున్న!"

"యాదుండదు!" అంది హాలంతా ఒక్క గొంతుతో.

గొడవ విని డాక్టరమ్మ బయటికొచ్చింది. సంగతేమిటని అడగబోయి, రోగి మాస్కుకు ఒప్పుకున్నాడని విని, ఏమీ అడగకుండానే చీటీ రాసింది.

మర్నాడు స్వరూపరాణి గుడిలో కొబ్బరికాయ కొట్టి లెంపలేసుకుంది. "అడిగింది నేనే గానీ, గురక పెట్టిచ్చింది నువ్వే గద సామీ" అని సగం తప్పు ఆయనకే ఒప్పజెప్పింది. నెల తిరిగేసరికి డాక్టరు కాగితమూ, వ్యాను తాళంచెవీ వచ్చాయి. తొండం పెట్టుకున్న బాలమల్లు పక్కన ఆమెకు కూడా నిద్ర పట్టింది.

ప్రతి శనివారం సీతారాములు, శేఖర్ కలిసి వచ్చి అతన్ని తీసుకెళ్ళి స్తంభం పక్కన కూర్చోబెడుతున్నారు. బాలమల్లు కళ్ళు విప్పార్చుకుని వాళ్ళిద్దరి వైపే చూస్తుంటాడు.

స్వామికి నిద్ర సరిపోయినప్పటి నుంచీ గేటు సంగతి అలాగే ఉంది.