ఎగువకూ దిగువకూ పారే పాయ

పెదలంక దగ్గర గోదావరి పాయ ఎడమకంటికి సముద్రంలోకీ, కుడికంటికి సముద్రంలోంచి ఎగువకీ పారుతుంది. ఆటుపోట్లకూ దీనికీ సంబంధం లేదు. రేవుల శాఖ ఎప్పుడో ఈ విషయాన్ని పరిశీలించి, నదికి అభ్యంతరం లేనందువల్ల తనకూ లేదని తేల్చింది.

మనిషి బుర్ర రెండు ప్రవాహాలను ఒకేసారి చూడలేదు కాబట్టి వంతులవారీగా చూస్తుంది. రెండు మూడు ఊపిర్ల సేపు నీళ్లు దిగువకు పోతాయి, ఇంకో రెండు మూడు ఊపిర్ల సేపు ఎగువకు. లంకవాళ్లకు ఇది రెప్ప వాల్చడం లాంటిదే. బళ్లనీ జనాన్నీ దాటించే పంటును నడిపే సరంగు ఏ ప్రవాహానికి తగ్గట్టు చుక్కాని పడితే పంటు ఆ ప్రవాహంలోనే ఉంటుంది. కాస్త కిందికి జరిగి, కాస్త పైకి జరిగి, చివరికి ఎదురుగా ఉన్న కొత్తరేవుకు తిన్నగా చేరుతుంది. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ఆటోలు, బడిపిల్లలు, పాల క్యాన్లు అన్నీ అలాగే దాటుతాయి.

సరంగు కొల్లాటి గనిరాజు కూడా చాలా ఏళ్లు అలాగే దాటించాడు. ఒక శ్రావణమాసంలో మాత్రం అతనికి నది తిరగడం మానేసింది. పొద్దున ఎగువకు పారిన నీళ్లు మధ్యాహ్నానికీ ఎగువకే పారాయి. మర్నాడూ అంతే.

అతనికి అది జబ్బులా అనిపించలేదు. ఇన్నాళ్లూ నది తనను ఆపుతూ ఉందనీ ఇప్పుడు వదిలిపెట్టిందనీ అనిపించింది. నిద్ర అక్కర్లేకపోయింది. మాట ఆగలేదు. పంటుకు ఒకే రోజు మూడు రంగులు వేశాడు. ఒక ఉదయం కొత్తరేవుకని ఎక్కిన జనాన్ని ఎగువన కొండలు కనిపించేదాకా తీసుకుపోయాడు. "నది పుట్టినకాడికి సర్వీసు ఏసేద్దాం! టిక్కెట్టు కూడా ఒద్దు!" అని అరిచాడు. కొందరు చప్పట్లు కొట్టారు. కొత్తరేవు నుంచి బడికి రావలసిన టీచరమ్మకు ఆ రోజు సెలవు పడింది.

కార్తీకం వచ్చేసరికి నది అడ్డం తిరిగి దిగువకే పారసాగింది. అప్పుడు అతను మాట్లాడటం మానేశాడు. చుక్కాని దగ్గర కూర్చున్నాడేగానీ దానిమీద చెయ్యి వేయలేదు. పంటు జనంతో సహా పాయ సముద్రంలో కలిసే మొగదాకా కొట్టుకుపోయింది. అక్కడ కెరటాలు అడ్డంగా లేచి ముందున్న ఆటోలను తడిపాయి. పిల్లలు ఏడ్చారు. కొబ్బరి వ్యాపారి ఒకాయన లంగరు విసరకపోతే అందరూ సముద్రంలో ఉండేవాళ్లు. గనిరాజు ఆ నీళ్లనే చూస్తూ, "ఎటూ అటే కదా పోయేది" అన్నాడట. ఆ మాట రెండు రేవుల్లోనూ చాలాకాలం తిరిగింది.

శాఖ పంటును గొలుసుతో కట్టేసి తాళం వేసింది. వేరే సరంగు దొరకలేదు. జనం వంతెన మీదుగా సగంరోజు చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. ఒకసారి పురిటినొప్పులు పడుతున్న ఒకామెకు ఆ చుట్టుదారిలోనే, ఆటోలోనే బిడ్డ పుట్టింది. బిడ్డ బతికింది. తల్లి బతకలేదు. గనిరాజు ఆ సంగతి మంచంమీద విన్నాడు.

భార్య నూకరత్నం అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు హైమవతి గారు అతని ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించి, ఏది కనిపిస్తోందో చెప్పమన్నారు. అతను చాలాసేపు ఒకే బొమ్మ పేరు చెబుతూ ఉండిపోయాడు.

"మీ కళ్లు బాగున్నాయి" అన్నారు డాక్టరు. "అందరి బుర్రా రెండువైపులకూ వంతులేస్తుంది. మీ బుర్ర వంతు మార్చడానికి చాలాసేపు తీసుకుంటోంది. మనసు కూడా అలాగే. ఎక్కితే దిగదు, దిగితే ఎక్కదు. దీనికి మందుంది. రోజూ వేసుకోవాలి, అప్పుడప్పుడూ రక్తం పరీక్ష చేయించుకోవాలి."

"మందేసుకుంటే ఏరు అందరికిలాగ తిరుగుద్దాండి?"

"తొందరగా తిరుగుతుంది. అందరికీ తిరిగినంత తొందరగా తిరుగుతుందని మాత్రం నేను చెప్పలేను."

మందుకు అతనికి దాహం పెరిగింది, వేళ్లు సన్నగా వణికాయి. నెలల తరబడి ఒకేవైపు పారిన నీళ్లు పూటకోసారి తిరగసాగాయి. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, నలుగురితో మాట్లాడుతున్నాడు. కానీ పంటు దాటడానికి పూట సరిపోదు, ఊపిర్లలో తిరగాలి.

ఒకరోజు గుమ్మంలో చేపలు బాగుచేస్తూ నూకరత్నం అంది: "మావా, నాకు ఏరు బానే తిరుగుతంది గందా. నేను సెప్తాను, నువ్వు తిప్పు."

"నువ్వు సెప్పడమేటే? సరంగుని నేను."

"సరంగువి నువ్వే. కళ్లు మట్టుకు నాయి."

అతను బయటికి నడిచాడు. సాయంత్రందాకా రేవు గట్టుమీద కూర్చున్నాడు. లేచి వచ్చి, "రేపు ఖాళీ పంటు మీద సూద్దాం" అన్నాడు. తాళం వేసిన పంటు నడపడం నేరం కాబట్టి ముందుగా శాఖకు ఫోను చేసి, నేరం చేయబోతున్నట్టు తెలియజేశాడు. ఫోనెత్తిన గుమాస్తా ఆ సంగతి నమోదు చేసుకుని, తాళంచెవి ఎక్కడుందో చెప్పాడు.

మొదటి ప్రయాణంలో నడిమధ్యకు వచ్చేసరికి గనిరాజు కళ్లకు నది మొత్తం ఎగువకు ఉరుకుతోంది. నూకరత్నం అతని భుజం పక్కన నిలబడి "దిగువ" అంది. అతని చెయ్యి కదల్లేదు.

"దిగువంటన్నాను, మావా!"

"అబద్ధం! ఎగువకి ఎల్లిపోతంటే కనపడట్లేదా?"

"నీకు అబద్ధమే. అయినా తిప్పు."

కళ్లముందు పరిగెత్తే నీళ్లను కాదని చుక్కాని తిప్పడం ఎంత కష్టమో అతను తర్వాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. నడుస్తున్న నేలను లేదనుకుని అడుగేసినట్టు ఉందన్నాడు. పళ్లు బిగించి తిప్పాడు. పంటు ఒక్కసారి వణికి దిగువ ప్రవాహంలోకి దిగింది. రెండు ఊపిర్లయ్యాక నూకరత్నం "ఎగువ" అంది. తిప్పాడు. "దిగువ." తిప్పాడు. కొత్తరేవు తగిలినప్పుడు అతని చొక్కా తడిసి ముద్దయింది. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ మంచినీళ్లు తాగి వెనక్కి బయలుదేరారు.

అలా వారాల తరబడి ఖాళీ పంటు నడిపాక, గనిరాజు లైసెన్సు మళ్లీ ఇవ్వమని శాఖను అడిగాడు. ఇన్‌స్పెక్టరు ఆదిశేషు గారు పరీక్ష పెట్టడానికి వచ్చారు. జీపును కొత్తరేవులోనే వదిలి, అటుగా వచ్చిన చేపల నాటుపడవలో లంకలోకి దిగారు. పరీక్ష తేలికే. ఒడ్డున కుర్చీలో కూర్చుని, నీళ్లు దిగువకు కనిపించినంతసేపూ ఎడమచెయ్యి, ఎగువకు కనిపించినంతసేపూ కుడిచెయ్యి ఎత్తాలి.

గనిరాజు ఎడమచెయ్యి ఎత్తాడు. కాసేపటికి కొబ్బరిచెట్టు వెనక నూకరత్నం దగ్గింది. అతను తల తిప్పకుండానే, "దగ్గకే. ఇది నా పరీచ్చ" అన్నాడు.

చెయ్యి దించలేదు. ఇన్‌స్పెక్టరు గారు సర్పంచి ఇంట్లో భోంచేసి వచ్చేసరికి కూడా ఆ చెయ్యి అలాగే ఉంది, సన్నగా వణుకుతూ.

"ఏమయ్యా, మధ్యలో ఒకసారి చెయ్యి మార్చానంటే నేను కాదనేవాణ్ణా?" అన్నారు ఆదిశేషు గారు. ఆయన మంచివారు.

"నాకు మారలేదండి."

"పోనీ, కంటిజబ్బని రాస్తాను. కళ్లజోడు పెట్టుకున్నావంటే వచ్చే ఏడాదికి పాసైపోతావు."

"కళ్లు బానే ఉన్నాయండి. మనసుకొచ్చిన జబ్బండిది. మందేసుకుంటన్నాను. పంటు నా ఆవిడ కళ్లతో తోల్తాను. అలాగని రాయండి."

"ఫారంలో కళ్లకైతే గడి ఉంది. మనసుకు గడి లేదయ్యా. లేనిచోట ఏం రాయమంటావు? అనర్హుడనే రాయాలి."

"రాయండి. ఉన్నది రాయకుండా ఒడ్డెక్కమంటే నేనెక్కనండి."

ఆయన నొచ్చుకుంటూనే అనర్హుడని రాసి, ముద్ర వేసి, లేచారు. అప్పటికి నాటుపడవ వెళ్లిపోయింది. వంతెన మీదుగా వెళ్తే పొద్దుగూకుతుంది. ఆయన నదివంక చూశారు. తర్వాత పంటువంక చూశారు.

"గనిరాజూ, ఈ ఉత్తర్వు నేను నీ చేతికిచ్చాక అమల్లోకి వస్తుంది. కొత్తరేవులో ఇస్తాను."

"ఆయ్" అన్నాడు గనిరాజు, గొలుసు విప్పుతూ.

ఇన్‌స్పెక్టరు గారు ఎక్కుతున్నారని తెలిసి రేవులో ఉన్నవాళ్లందరూ ఎక్కారు. టీచరమ్మ ఎక్కింది. కొబ్బరి వ్యాపారి లంగరు పక్కన చోటు చూసుకున్నాడు. నూకరత్నం "ఎగువ" అంది, "దిగువ" అంది. నడిమధ్యలో ఒకసారి గనిరాజు చెయ్యి ఆగింది. ఆమె ఏమీ అరవలేదు, వంగి అతని చెవి దగ్గర మళ్లీ "దిగువ" అంది. అతను కళ్లు మూసుకుని తిప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు పక్కనున్న ఆటో కడ్డీ పట్టుకున్నారు. పంటు తిన్నగా కొత్తరేవుకు చేరింది. ఆయన దిగి, ఉత్తర్వు చేతికిచ్చి, జీపెక్కారు. గనిరాజు అనర్హుడయ్యాడు.

అయితే కొత్తరేవులో లంకకు దాటాల్సిన జనం ఎదురుచూస్తున్నారు. వాళ్లు ఇన్‌స్పెక్టరు గారు దాటడం కళ్లారా చూశారు. శాఖకు అర్జీలు వెళ్లాయి. ఉత్తర్వును రద్దుచేస్తే శాఖ తప్పు చేసినట్టవుతుంది, అమలుచేస్తే రేవు మూతపడుతుంది. పై అధికారులు ఆలోచించి ఒక సవరణ పంపారు. దాని ప్రకారం పంటు గొలుసు విప్పిన క్షణం నుంచి మళ్లీ కట్టే క్షణం దాకా కొల్లాటి గనిరాజు అర్హుడు. ఒడ్డు మీద అనర్హుడు. భార్య గురించి సవరణలో ప్రస్తావన లేదు. ఆమె టిక్కెట్టు కొనుక్కునే ఎక్కాలి.

ఊరు ఈ ఏర్పాటుకు తేలిగ్గా అలవాటుపడింది. రేవు టీ కొట్లో గనిరాజు వచ్చి కూర్చుంటే పక్కవాళ్లు గ్లాసు తీసుకుని కాస్త అవతలికి జరుగుతారు. అతని కూతురి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కబురు చెబుతామని వెళ్లిపోయారు. ఒడ్డున అతను ఎదురైతే పిల్లల్ని చెయ్యి పట్టి పక్కకు లాగే తల్లులే, గొలుసు విప్పగానే ఆ పిల్లల్ని చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, "గనిరాజు మావయ్యని పట్టుకోండ్రా, పడిపోతారు" అంటారు.

ఒకసారి నూకరత్నం కోపం ఆపుకోలేక నడిమధ్యలో చెప్పడం మానేసి, "ఈళ్లని దింపేసేక మనల్ని మడుసుల కింద సూత్తారేటి, మావా?" అని అడిగింది.

"సెప్పవే" అన్నాడు గనిరాజు, చుక్కాని మీంచి చెయ్యి తీయకుండా. "పిల్లలున్నారు."

ఆమె చెప్పింది. అతను తిప్పాడు. అతను పొద్దున్నే మాత్ర వేసుకుంటాడు, నీళ్ల సీసా నింపుకుంటాడు, భార్యకు టిక్కెట్టు కొంటాడు. సర్వీసు వేళకు నడుస్తోంది. ప్రయాణికుల నుంచి ఇంతవరకు ఫిర్యాదులేమీ రాలేదు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు అయ్యాక గొలుసు కట్టేసి, అక్కణ్ణించి ఇంటిదాకా ఉన్న కాస్త దూరం మాత్రం అతను అనర్హుడిగా నడిచి వెళ్తాడు.