వానకీ నదికీ మధ్య వైరు

"ఈ రోజు నుంచి వానకు తెలియకుండా నది, నదికి తెలియకుండా వాన ఏ పనీ చేయడానికి వీల్లేదు" అని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వరదల ఆఫీసులో టైపిస్టుని.

మా పై అంతస్తులో వాన మోడల్ అనే కంప్యూటరు ప్రోగ్రాం ఉంది. కురిసిన వానలో ఎంత నీరు నదికి చేరుతుందో అది లెక్క కడుతుంది. కింది అంతస్తులో నది మోడల్. ఆ నీరు ఎంత ఎత్తు లేస్తుందో, ఏ వీధిలోకి వస్తుందో అది చెబుతుంది. రెంటినీ కలుపుతూ వైరు లాగారు, మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. కాకపోతే సంతకం లేని అంకె మెట్లు దిగడానికి రూల్సు ఒప్పుకోవు కాబట్టి, అంకెలు ఫైల్లోనే వస్తున్నాయి. వైరు మీద అటెండరు తువ్వాళ్లు ఆరేస్తున్నాడు.

మూడో రోజు వాన దంచికొట్టింది. వాన మోడల్ లక్షా ఇరవై వేల క్యూసెక్కులంది. డైరెక్టరుగారు కంగారుపడతారని ఇంజనీరుగారు అందులో సగమే రాశారు. జనం కంగారుపడతారని డైరెక్టరుగారు దాన్ని మళ్లీ సగం చేశారు. అన్ని సున్నాలు చూస్తే మంత్రిగారికి కళ్లు తిరుగుతాయని పీఏగారు నాలుగు సున్నాలు కొట్టేశారు. మిగిలిన మూడుని నేను నీట్‌గా టైపు చేశాను.

నది మోడల్ ఆ మూడుని మింగి, సాయంత్రానికి నది ఎండిపోతుందని తేల్చింది.

నది ఒడ్డు వీధిలో ఉండే మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, కుట్టుమిషను మేడ మీదికి ఎక్కించమంటావా? మీ బావకి అసలే నడుం నొప్పి."

అవసరం లేదన్నాను. నేను టైపు చేసిన అంకే కదా, దాని మీద నాకు గట్టి నమ్మకం.

గంటకి మళ్లీ చేసింది. నీళ్లు గడప దాటాయట, మిషను మునిగిందట. ఆ మిషనే వాళ్లకు కూడు పెడుతోంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. కింది ఇంజనీరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన స్క్రీను ఓపిగ్గా చూసి, "ఆ వీధిలో నీళ్లు లేవయ్యా. మీ అక్కగారిని ఇంకోసారి సరిగ్గా చూడమను" అన్నారు.

మంత్రిగారు చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదు. నది ఎండుతోందని తెలియగానే కరువు సాయం మంజూరు చేశారు. ఇంటికి ఒక డబ్బా మంచినీళ్లు.

మర్నాడు డబ్బాలతో ఆ వీధికి పడవలో వెళ్లాం. డాబా మీంచి వంగిన అక్కకి కరువు సాయం అర్జీ కాగితం అందించాను. చదివి నా మొహం చూసింది.

"చుక్క నీరు లేక అల్లాడుతున్నానని రాశావేంట్రా?"

సంతకం లేందే డబ్బా ఇవ్వకూడదని చెప్పాను. అక్క కలం తీసుకుంది.

"ఏవండీ, పడవ కొట్టుకుపోకుండా కాస్త గట్టిగా పట్టుకోండి" అని బావకి చెప్పి, సంతకం పెట్టింది.