దామోదర్ తెల్లతనం రద్దయిన వైనం

మనిషికి రంగు పుట్టుకతో రాదనీ, ఉద్యోగంలో చేరిన రోజు నింపిన ఫారంతో వస్తుందనీ, ఒకసారి వచ్చిందాన్ని వదిలించుకోవాలంటే మూడు నకళ్ళతో దరఖాస్తు పెట్టుకోవాలనీ 1979లో టెక్సాస్‌లో తేలిపోయింది. అనుమానమున్నవాళ్ళు అక్కడి ప్లేనో ఊళ్ళో ఉన్న మా దామోదర్‌ని అడగవచ్చు.

దామోదర్ పంపులు తయారుచేసే ఒక కంపెనీలో డిజైన్ ఇంజనీరు. తొమ్మిదేళ్ళలో ముగ్గురు తెల్లవాళ్ళకి పని నేర్పాడు. నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టే అతని నెత్తిన సెక్షన్ హెడ్డై కూర్చున్నాడు. పంపులోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో మూడోవాడికి ఇప్పటికీ సందేహమే. ఆ మహానుభావుడి ప్రమోషన్ పార్టీలో కేకు కోసి పంచే పని కూడా దామోదర్‌కే అప్పగించారు. ఆ సంగతి విని భార్య వసుమతి ఊరుకోలేదు.

"ఏమండీ, నాలుగోవాడికి కూడా కేకు మీరే కోస్తారా? వెళ్ళి కంప్లైంట్ చెయ్యండి. మీ వల్ల కాకపోతే చెప్పండి, నేనే డ్రైవ్ చేసుకెళ్ళి చేసొస్తా!"

ఆవిడ అన్నంత పనీ చేస్తుందని హడలిపోయి, దామోదర్ మర్నాడే సమానత్వ విభాగానికి వెళ్ళాడు. (కంపెనీలో అలాంటి విభాగం ఉంది. బాయిలర్ గది వెనకాల.) అధికారిణి మిసెస్ పెటిగ్రూ మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, ఫైలు తెరిచి, చిరునవ్వు నవ్వింది.

"కానీ మిస్టర్ డామోడార్, మీరు తెల్లవారు కదా!"

దామోదర్ తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

జరిగిందేమిటంటే, చేరిన రోజు ఫారంలో తెలుపు, నలుపు, ఇతరులు అని మూడు గళ్ళున్నాయి. 'ఇతరులు' అనిపించుకోవడం మనవాడికి నామోషీ. నలుపంటారా, ఆ ఊసే వద్దు. మనం ఆర్యులమని హైస్కూల్లో మేష్టారు చెప్పిన పాఠం గుర్తొచ్చి, నిబ్బరంగా మొదటి గడిలో టిక్కు పెట్టాడు. తప్పు పట్టలేం. సంబంధాలు చూసేటప్పుడు నల్లపిల్లని చామనఛాయ అనీ, చామనఛాయని పసిమిఛాయ అనీ ఒక మెట్టు పెంచి చెప్పుకునే జాతి మనది.

"ఒక తెల్లవారిని కాదని ఇంకో తెల్లవారికి ప్రమోషన్ ఇస్తే అది వివక్ష కాదండీ, పోటీ" అంది పెటిగ్రూ. "తెల్లతనం వదులుకోదలిస్తే పన్నెండో నంబరు ఫారం ఉంది. మీరు తెల్లవారు కారని, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు సంతకం పెట్టాలి."

దామోదర్ ముందుగా తెలుగు సంఘం అధ్యక్షుడు కొండల్ రావు దగ్గరికి పరిగెత్తాడు.

"నీకేమన్న దిమాక్ ఖరాబైందానయ్యా?" అని అదిరిపడ్డాడాయన. "నువ్వు తెల్లోనివి కాదని నేను సైన్ చేస్తే, మరి నువ్వేందని రేపు నన్నడుగరా? మొన్ననే మంచి నైబర్‌హుడ్‌ల ఇల్లు కొన్న. మమ్ముల నల్లోళ్ళ లైన్ల నిలబెడ్తవా?"

సంఘం కార్యవర్గం దీనిమీద రెండు గంటలు చర్చించింది. తెలుగువారు ఇల్లు కొనేటప్పుడు తెల్లవారనీ, ప్రమోషన్ అడిగేటప్పుడు కారనీ, మిగతా సమయాల్లో ఆ ప్రసక్తి రాకుండా చూసుకోవడం శ్రేయస్కరమనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

మొదటి సంతకం పక్కింటి మిసెస్ హాలొవే పెట్టింది. కళ్ళజోడు కూడా వెతుక్కోలేదు. "ఆ విషయంలో నాకెప్పుడూ సందేహం లేదు నాయనా" అంది. (నాలుగేళ్ళ ఇరుగుపొరుగు. ఇతని పేరు ఆవిడకి ఆ రోజే తెలిసింది.)

రెండో సంతకానికి వాల్టర్ మిగిలాడు. అదే సెక్షన్‌లో పదమూడేళ్ళుగా ఉన్న నల్ల ఇంజనీరు, దామోదర్‌కి పని నేర్పినవాడు. చేరిన రోజే సరైన గడిలో టిక్కు పెట్టాడు కాబట్టి అతనికి ఏ ఫారంతోనూ ఇబ్బంది రాలేదు. ప్రమోషన్ కూడా రాలేదు.

"కొత్తలో లంచ్‌కి నా టేబుల్ దగ్గర కూర్చునేవాడివి కాదు, గుర్తుందా?" అని నవ్వాడు వాల్టర్.

దామోదర్‌కి సిగ్గేసింది. నిజంగానే వేసింది. తల ఎత్తలేకపోయాడు.

"పోనీలే. మనిద్దరిలో ఒక్కడైనా ఆ కుర్చీ ఎక్కాలి. ఎక్కినవాడు రెండోవాణ్ణి మర్చిపోకపోతే చాలు" అంటూ వాల్టర్ సంతకం చేసిచ్చాడు.

ఆరు వారాలకి తెల్లతనం రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. ఆపైన నెలకి, మూడోవాడు ఇంకో మెట్టు పైకెళ్ళగా, దామోదర్ సెక్షన్ హెడ్ అయ్యాడు. కంపెనీ పత్రికలో ఫోటో వేశారు, ఖర్చుకి వెనకాడకుండా రంగుల్లో. వసుమతి బొబ్బట్లు చేసి అందరికీ పంచింది. పన్నెండో నంబరు ఫారం ఎక్కడ దొరుకుతుందని కొండల్ రావు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

కొత్త గదిలో బల్లమీదికి వచ్చిన మొదటి కాగితం వాల్టర్ ఫిర్యాదు. పదమూడేళ్ళయినా తనకి ప్రమోషన్ ఎందుకు లేదని అడిగాడు. అభిప్రాయం రాయవలసింది సెక్షన్ హెడ్. మిసెస్ పెటిగ్రూ స్వయంగా వచ్చి నిబంధన వినిపించింది. తెల్లవారు కాని అధికారి ఉన్న సెక్షన్‌లో వర్ణవివక్ష ఉండడానికి వీల్లేదట.

"ఉందని రాస్తే, చేస్తున్నది మీరేనని అర్థం వస్తుంది. మీ కుర్చీకే ఇబ్బంది" అంది జాలిగా.

గది అద్దాల గోడకి అవతలనుంచి వాల్టర్ ఇటే చూస్తున్నాడు. దామోదర్ కుర్చీ కాస్త పక్కకి తిప్పుకుని రాశాడు: "ఈ సెక్షన్‌లో వివక్ష లేదు. అందుకు రుజువు నేనే."

మిసెస్ పెటిగ్రూ చదివి, అతని ఇంగ్లీషు చాలా బాగుందని మెచ్చుకుంది.