అనీస్ బేగం పొయ్యి మీద విచారణ

ముక్కున్నోళ్లందరికీ ఇల్లుండదు గానీ, ఇల్లున్నోళ్లందరికీ ముక్కుంటది. ఈ మహాసత్యం లోకానికి తెలవాలంటే కర్దనూర్ పక్కన పేదోళ్లకు ఇండ్లు కట్టాల్సొచ్చింది.

విల్లాలల్ల వంటపని చేసుకుంట, ఇస్నాపూర్‌ల కిరాయి గదుల సగం బతుకు ఎల్లదీసిన అనీస్ బేగంకు సర్కారు కట్టిన ఆ కాలనీల ఇల్లొచ్చింది. తాళంచెవి కొంగున ముడేసుకొని, సంబురంతోని బగారన్నం వండి అంతస్తంతా పంచింది. ఖర్మ చూడుండ్రి, అదే సాయంత్రం గోడవతల మలయసమీర విల్లాలల్ల కంపు గుప్పుమన్నది.

(ఆ కంపు మందుల ఫ్యాక్టరీలది. ఏండ్ల సంది పొద్దుగూకంగనే వస్తది. కానీ ఫ్యాక్టరీకి పర్మిషనున్నది, బగారన్నానికి లేదు.)

"పేదలొచ్చాక వాళ్ల వంటల కంపుతో ఏరియా పాడైంది, విల్లాల రేటు పడిపోతుంది" అని విల్లాల సంఘం అధ్యక్షురాలు శ్రీదివ్య మేడం అర్జీ పెట్టింది. ఇండ్ల శాఖ వాసనల విచారణాధికారి శ్రావణ్‌కుమార్ జల్ది దిగిండు.

"వారం దాకా కాలనీల ఎవ్వరూ పొయ్యి ముట్టియ్యద్దు. కంపు పోయిందా, తప్పు మీదే. పట్టాలు రద్దు."

"నా పప్పుచారు పక్కింటికే వాసన రాదు, గోడెట్ల దుంకిందే?" అని పక్కింటి మల్లమ్మ నోరెళ్లబెట్టింది. అనీస్ బేగం కొంగున తాళంచెవి ముడి తడుముకున్నది. ఈ ఇల్లు పోతే మళ్ల ఆ కిరాయి గదే గతి.

వారమంతా అటుకులు, బ్రెడ్డు తిన్నరు. కంపు ఒక్కపూట నాగా పెట్టలే. 'యా అల్లా, బతికిపోయిన' అనుకున్నది అనీస్ బేగం.

శ్రావణ్‌కుమార్ గోడెక్కి, నిండుగ గాలి పీల్చి, తీర్పు చదివిండు. "వంట ఆపినా కంపు ఆగలేదు. అంటే ఇది బాగా ముదిరిన వంట. పట్టాలు ఉంచుతున్నం. కంపు పూర్తిగ పోయేదాక పొయ్యిలు బంద్."

"ఇల్లిచ్చి పొయ్యి వద్దంటే ఎట్ల సార్?" అని అనీస్ బేగం అడిగింది.

"ఇల్లు మా డిపార్ట్‌మెంట్ అమ్మా. తిండి వేరేవాళ్లది."

(ఆ వేరేవాళ్ల ఆఫీసు ఎక్కడున్నదో ఆయనకూ తెల్వదు, పాపం.)

ఆ సాయంత్రం అనీస్ బేగం ఎప్పటిలెక్కనే పనికి పోయింది. పని ఎవరింట్లనో కాదు, శ్రీదివ్య మేడం ఇంట్లనే. బగారన్నం దించంగనే మేడం వంటింట్లకు ఉరికొచ్చింది.

"అబ్బ, ఏం వాసన అనీస్! సగం కడుపు నిండిపోయింది."

తిన్నంక మిగిలిన అన్నం డబ్బాల పెట్టి, ప్రేమగ చేతికిచ్చింది.

"మూత గట్టిగా పెట్టుకో. కాలనీలో వాసనొస్తే మళ్ళీ నేనే కంప్లయింట్ ఇవ్వాల్సొస్తుంది."