మండె మూట మీద ముష్టియుద్ధం

మణిశంకర్ మాస్టారు పడిపోయారన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ వేసవి సెలవుల్లో ఆయనకు మిగిలిన ఊరట అదొక్కటే.

పడింది కూడా చెప్పుకోదగ్గ చోటేమీ కాదు. పెరట్లో నూతి చప్టా మీద, పాచి పట్టిన మూల. కాలు జారింది, వెల్లకిలా పడ్డారు. దెబ్బ పెద్దదేమీ తగల్లేదు. అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. ఆయన లేవలేకపోయారు. అరచేతులు ఊనితే మోచేతులు వణికాయి. మోకాళ్ళు మడవబోతే అవి మాట వినలేదు. ఏళ్ళ తరబడి లెక్క రాని పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టిన మనిషి, తనని తాను నిలబెట్టుకోలేక కొబ్బరాకుల సందుల్లోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి ఆయన భార్య ఫణిశ్రీ వచ్చింది. వంగి, ఆయన చంక కింద కుడిచెయ్యి దూర్చి, ఒక్క ఊపున లేపి నిలబెట్టింది.

“బట్టలు మార్చుకోండి. కాఫీ పెడతాను,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ నవ్వలేదు. మాస్టారిని కుంగదీసింది అదే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన చేసిన ఏ పొరపాటునీ ఫణిశ్రీ నవ్వకుండా వదిలిపెట్టింది లేదు. ఒకసారి ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి వెళ్ళి, సాయంత్రం దాకా అలాగే పాఠాలు చెప్పి వస్తే, ఆవిడ ఆ వారమంతా అన్నం వడ్డిస్తూ నవ్వింది. అలాంటి మనిషి నవ్వలేదంటే తన పని అయిపోయిందన్నమాటే అనుకున్నారు.

ఆ రోజంతా ఆయన కళ్ళముందు తండ్రి మెదులుతూనే ఉన్నాడు. ఆ పెద్దాయన చివరి రోజులన్నీ మంచంలోనే గడిచాయి. పక్కకి తిప్పాలన్నా, కూర్చోబెట్టాలన్నా తల్లే. భర్తని ఎత్తీ ఎత్తీ, దించీ దించీ, చివరికి ఆవిడే ముందు పోయింది. ఆ తరవాత తండ్రీ ఎన్నాళ్ళో లేడు. ఎత్తేవాళ్ళు లేక కాదు, ఎత్తేది ఆవిడ కాకపోవడం వల్ల.

ఫణిశ్రీకి ఆ గతి పట్టకూడదు. మాస్టారు తలుపేసుకుని, ముసలితనంలో పడిపోకుండా ఉండడం ఎలాగని ఫోన్ని అడిగారు. ఫోను ఆయనకు ఒక వస్తాదుని చూపించింది. ఆ మనిషికి మెడ లేదు. తల నేరుగా భుజాల మీదే కూర్చుని ఉంది. మంత్రాలు చెప్పినట్టు మాట్లాడుతున్నాడు కాబట్టి మాస్టారు ఆయనకు కండల శాస్త్రి అని పేరు పెట్టుకున్నారు.

“బరువులొక్కటే ఎత్తితే బండరాయి అవుతారు. బాక్సింగొక్కటే చేస్తే ఆయాసం మిగులుతుంది. రెండూ కలపండి!” అన్నాడు కండల శాస్త్రి. “ముందు బరువెత్తండి, ఆ వెంటనే బస్తాని గుద్దండి. గుద్దు చేతిలోంచి రాదు. పాదంలో పుట్టి, తొడలోంచి నడుముకొచ్చి, భుజంలోంచి బయటికి పోవాలి. పాదం ఎక్కడుందో తెలిసినవాడు పడడు. పడినా లేస్తాడు.”

ఆ చివరి మాటని మాస్టారు మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపి విన్నారు.

చెప్పి చెయ్యడానికి లేదు. రిటైర్మెంటు దగ్గరపడ్డ లెక్కల మాస్టారు బాక్సింగు మొదలెట్టాడంటే పాలకొల్లు బస్సులో కూడా దారి ఇచ్చి నవ్వుతారు. అందుకని ఆయనొక ఎత్తు వేశారు. బరువులెత్తడం ఇంటి పని కింద కలిపెయ్యాలి. బాక్సింగు పెరట్లో, గేదెల్ని అమ్మేశాక ఖాళీగా పడున్న పాకలో కానివ్వాలి. ఫణిశ్రీకి అనుమానం రాకూడదు.

ఫణిశ్రీకి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం ఉంది. ఆ పనులు చూసే గంగరాజుని పిలిచి, మిల్లు నుంచి ఊక బస్తా తెచ్చి పాకలో దూలానికి కట్టమన్నారు.

“ఊక ఎందుకండి మేస్టారూ?”

“దోమలకి పొగెయ్యడానికి.”

“మరి దూలానికి కట్టమంటారేంటండీ?”

“పైనుంచి పొగేస్తే దోమలు బయటికి పోతాయి. సైన్సు!”

“ఆయ్,” అన్నాడు గంగరాజు. సైన్సు అన్నాక అతను ఎదురు చెప్పడు.

మాస్టారు పాత పంచె చింపి పిడికిళ్ళకి చుట్టుకున్నారు. మొదటి గుద్దుకి బస్తా కదల్లేదు, మణికట్టు కదిలింది. రెండో గుద్దుకి బస్తా వెనక్కి వెళ్ళింది. గెలిచానని ఆయన నవ్వుతూ నిలబడి ఉండగా అది తిరిగొచ్చి ముక్కు మీద కొట్టింది. ఆ పూట ముక్కు వాచి అన్నానికి కూర్చుంటే, తేనెటీగ కుట్టిందన్నారు.

“ఊకలో తేనెటీగలుంటాయాండీ?” అంది ఫణిశ్రీ పప్పు వడ్డిస్తూ.

“ఊకెక్కడిది?”

“మీ మీసం మీద ఉంది.”

అంతకు మించి ఆవిడ ఏమీ అడగలేదు. తెలివిగా తప్పించుకున్నానని మాస్టారు సంతోషించారు.

ఇంటి పని మటుకు ఆయన అనుకున్నదానికంటే సులువుగా చేతికొచ్చింది. ఎత్తు పారితే పారిందిగానీ ఇంత బాగా పారుతుందని ఆయనే అనుకోలేదు.

“ఏవండీ, అటక మీంచి ఊరగాయ జాడీలు దించిపెడతారా?” అనేది ఫణిశ్రీ. కండల శాస్త్రి చేతులు తలపైకెత్తమన్నది సరిగ్గా ఆ పూటే.

“ఏవండీ, బియ్యం బస్తా వంటింట్లో పెట్టండి.” ఇరవయ్యారు కేజీల బస్తా. మాస్టారు దాన్ని వంటింట్లో పెట్టి, ఆవిడ చూడకుండా మళ్ళీ వసారాలోకి మోసుకొచ్చి, మళ్ళీ వంటింట్లో పెట్టేవారు.

“ఏవండీ, ఆ తడి దుప్పట్లు కాస్త తీగ మీద ఆరెయ్యండి.”

ఒక రోజు ఆవిడే అంది. “ఈ మధ్య అడిగిందే తడవుగా చేసేస్తున్నారు. ఒంట్లో బాగుందా?”

“పెళ్ళానికి సాయం చేస్తే అనుమానమేంటే?”

“ఇన్నేళ్ళూ లేని సాయం ఇప్పుడొస్తే అనుమానం కాదండీ, భయం.”

అనడం అంది గానీ ఆవిడ గొంతులో పూర్వపు హుషారు లేదు. ఇదివరకు తెల్లారకముందే లేచి, తానే నీళ్ళు తోడి, తానే ముగ్గేసి, మధ్యలో ఆయన్ని రెండు మాటలు దెప్పే మనిషి. ఇప్పుడు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని వసారాలో ఊరికే కూర్చుంటోంది. పక్కింటి సారిక రోజూ పొద్దున్నే వచ్చి ఆవిడకి జడ వేసి వెళుతోంది. అది ఆడవాళ్ళ ముచ్చటలే అనుకున్నారు మాస్టారు. ఒకటి రెండు సార్లు పాలకొల్లులో శివుడి గుడికని సారికని తోడు తీసుకుని వెళ్ళి, పొద్దుపోయి వచ్చింది. తన ఆయుష్షు కోసం మొక్కుకుంటోంది కాబోలని ఆయన గుండె బరువెక్కింది. ఆ బరువుతో వెళ్ళి పాకలో బస్తాని ఇంకాసేపు గుద్దారు.

సెలవులయిపోయాయి. ముసురు పట్టింది. గాలివానకి పొలంలో మకాం షెడ్డు రేకులు ఎగిరిపోయాయని, ఇక ఆ పనేదో ఇంటి దగ్గరే చేసుకోవాలని ఫణిశ్రీ గంగరాజుతో అంటూంటే మాస్టారు ఒక చెవితోనే విన్నారు. రెండో చెవిలో కండల శాస్త్రి ఉన్నాడు. కండ వచ్చినవాడు తేలిక బస్తాని గుద్దితే వచ్చింది కూడా పోతుందని ఆయన హెచ్చరిస్తున్నాడు.

మాస్టారు గంగరాజుని పక్కకి పిలిచారు. “ఆ ఊక బస్తా తీసేసి, బరువైంది కట్టరా. ఇసకో, మరోటో.”

“ఆయ్. దోమలు బాగా బలిశాయాండీ?”

“చెప్పింది చెయ్యి.”

ఆ ముసురులోనే ఒక పొద్దున్న బడికి వెళ్ళబోయే ముందు పాకలోకి వెళ్ళి చూస్తే, ఊక బస్తా లేదు. దాని చోట బిర్రుగా, బరువుగా, అడుగు నుంచి నీళ్ళోడుతూ ఒక గోనె మూట వేలాడుతోంది. చేత్తో తట్టి చూశారు. వెచ్చగా ఉంది. తడి ఇసక పోసి ఉంటాడనుకున్నారు. తడి ఇసక వెచ్చగా ఎందుకుంటుందన్న ప్రశ్న లెక్కల మాస్టారికి తట్టలేదు.

ముందు వెంట తెచ్చుకున్న బియ్యం బస్తా ఎత్తి దించారు. తరవాత పిడికిళ్ళు చుట్టుకుని మూటకి ఎదురుగా నిలబడ్డారు. ఎడమ, ఎడమ, కుడి. మూట మెత్తగా దెబ్బ తీసుకుంది. బాగుంది. ఎడమ, కుడి. ఆయనకి నూతి చప్టా గుర్తొచ్చింది. గట్టిగా గుద్దారు. తండ్రి మంచం గుర్తొచ్చింది. ఇంకా గట్టిగా గుద్దారు. ఆ మంచం పక్కన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న తల్లి గుర్తొచ్చింది. పాదంలో పుట్టిన కోపమంతా తొడలోంచి, నడుములోంచి, భుజంలోంచి వచ్చి మూట మీద పడింది. కుట్టు పర్రున విడిపోయింది.

లోపల్నుంచి వచ్చింది ఇసక కాదు. తెల్లటి మొలకలతో వడ్లు, జారుడుగా, కుప్పలు కుప్పలుగా ఆయన కాళ్ళమీద పోసుకున్నాయి. మాస్టారు వెనక్కి అడుగేశారు. ఆ అడుగు మొలకల మీద పడింది. మరుక్షణం ఆయన వెల్లకిలా పాక రేకులు చూస్తున్నారు.

చప్పుడుకి ఫణిశ్రీ పరిగెత్తుకొచ్చింది, సగం వేసిన జడతో. వెనకాలే దువ్వెన పట్టుకుని సారిక.

“అయ్యయ్యో! మండె మూటండీ! నారుమడికని నానేసి మండె కట్టిన విత్తనాలు! నీళ్ళు ఓడాలని దూలానికి కట్టించాను. మొలకలన్నీ నలిపేశారు కదండీ!”

ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నారు గానీ, వడ్లని నానబెట్టి గోనెలో బిగించి మొలకెత్తిస్తారని, ఆ వేడికి మూట వెచ్చబడుతుందని మాస్టారు ఏనాడూ చూడలేదు. అదంతా మకాంలో జరిగే పని. ఆయన మకాం మొహం చూస్తే కదా.

“తరవాత తిట్టుదువుగాని. ముందు నన్ను లేపవే,” అన్నారాయన. మళ్ళీ అదే ఆకాశం, కాకపోతే ఈసారి రేకులు.

ఫణిశ్రీ వంగింది. ఎడమచెయ్యి చాపింది.

“ఎడంచెయ్యేంటి? కుడిచెయ్యి ఇయ్యి.”

“రాదండి.”

“ఏంటి రాదు?”

“పైకి లేవదు,” అంది ఫణిశ్రీ. “ఆ రోజు నూతి దగ్గర మిమ్మల్ని లాగినప్పుడే భుజంలో ఏదో పట్టు తెగినట్టయింది. పాలకొల్లులో డాక్టరుకి చూపించుకుంటే కండ చిరిగిందన్నాడు. గుడికని చెప్పింది అక్కడికే. జడ కూడా వేసుకోలేకపోతున్నాను. ఇంక మిమ్మల్ని నేను లేపలేనండి.”

సారిక దువ్వెన వంక చూస్తూ తలొంచుకుంది.

మాస్టారికి ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. అటక మీద జాడీలు. తీగ మీద దుప్పట్లు. బియ్యం బస్తా. ఆ రోజు ఆవిడ నవ్వకపోవడం. జాలిపడి కాదు, నొప్పి ఓర్చుకుని. ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది. పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయని లేచి ఏడవాలనుకున్నారు.

పక్కకి దొర్లారు. ఒక మోకాలు ఊనారు. పాదం ఎక్కడుందో చూసుకున్నారు. పాదం, తొడ, నడుము, భుజం. మెల్లిగా, మూలుగుతూ, వంటినిండా మొలకలతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు.

ఫణిశ్రీ ఆయన్ని నిలువెల్లా చూసింది. అప్పుడు నవ్వింది. సారిక కూడా నవ్వేదాకా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు నవ్వువో కావో మాస్టారు అడగలేదు.

“నీకు ముందే తెలుసా ఇదంతా?”

“దోమలకి దూలానికి పొగేసే సైన్సు గురించి గంగరాజు ఆ పూటే వచ్చి చెప్పాడు. రోజూ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఊక బస్తా తీయించేసరికి గుద్దడం మానేశారనుకుని మండె మూట అక్కడ కట్టించాను.”

“మరి చెప్పవేం?”

“నా చెయ్యి పనికిరాదు, మీరు చెయ్యండని చెబితే ఓ పూట చేసి కూలబడేవారు. నన్నేదో మోసం చేస్తున్నానని మీరు మురిసిపోతూ ఇల్లంతా చక్కబెడుతుంటే ఎందుకు చెడగొట్టాలి? రోజూ కొత్త పని కనిపెట్టలేక చచ్చాను. ఉన్న జాడీలు ఎన్నిసార్లు ఎక్కించి దింపించనండీ?”

మాస్టారు తెల్లబోయి, వంగి గింజలు గోనెలోకి ఎత్తడం మొదలుపెట్టారు. అవి ఎత్తి లాభం లేదు. మళ్ళీ విత్తనాలు తేవాలి, మళ్ళీ నానెయ్యాలి, చుట్టుపక్కల మళ్ళన్నీ పచ్చబడ్డాక వీళ్ళ నారు పైకి రావాలి. అది తలుచుకుని ఫణిశ్రీ మొహం మళ్ళీ వాడిపోయింది.

“డాక్టరు చేతిని గోడమీద కొంచెం కొంచెం పైకి పాకించమన్నాడు. నేనూ ఇక్కడికే వచ్చి చేసుకుంటాను,” అంది. “చెయ్యి పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు.”

“ఇంక నేను పడనులే ఫణీ.”

“పడితే పడండి. లేవడం వచ్చిందిగా.” ఆవిడ కాస్త ఆగింది. “మరి నేను పడితే?”

మాస్టారు ఆ రోజు బడికి సెలవు పెట్టి, దువ్వెన సారిక చేతిలోంచి తీసుకుని, మిగిలిన సగం జడ తానే వేశారు. మూడు పాయల్లో ఏది దేనిమీదకి వెళ్ళాలో తేలక ఆవిడ చేత రెండుసార్లు మొట్టికాయ తిన్నారు, ఎడంచేత్తో.

సాయంత్రం చినుకుల్లో తడుస్తూ గంగరాజు వచ్చాడు. తెమ్మన్న ఇసక మూట మర్నాడు కడదామనుకున్నానని, ఇంతలో ఇలా అయిందని నొచ్చుకున్నాడు.

“ఇసకొద్దులేరా. గుద్దడం చాలు. నాకిప్పుడు ఎత్తడానికి బరువు కావాలి.”

“ఎంత బరువండీ?”

మాస్టారు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. “మీ అమ్మగారంత.”

“గంగరాజూ! ఒక్క బియ్యం బస్తా చాలు!” అని వంటింట్లోంచి కేక వినపడింది.

“ఆయ్!” అన్నాడు గంగరాజు.

మాస్టారు అతన్ని గుమ్మం దాకా సాగనంపి, భుజం మీద చెయ్యేసి, “మూడు తీసుకురా,” అన్నారు.